పదిహేనేళ్లకు శిక్ష, యాభై ఏళ్లకు సన్మానం

దేశ రాజధానిలో మోటారు కారుకు రెండు పుట్టినరోజులు ముఖ్యమైనవి. ఒకటి పదిహేనవది, మరొకటి యాభైయవది. 15 ఏళ్లు నిండిన పెట్రోలు కారును ఇక్కడ దోషిగా చూస్తూ వచ్చారు. అది నడవకూడదు. వీధిలో నిలిపి ఉంచినా పట్టుకుపోయి తుక్కు వ్యాపారికి అప్పగించిన సందర్భాలు ఉన్నాయి. డీజిలు కారుకైతే ఆ గడువు 10 ఏళ్లే. కాగా, 50 ఏళ్లు నిండిన కారు జాతి వారసత్వ సంపద. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారం, 20,000 రూపాయల రుసుము చెల్లిస్తే దానికి 'వి.ఎ.' అక్షరాలు గల ప్రత్యేక నంబరు పలక, 10 సంవత్సరాలు చెల్లే రిజిస్ట్రేషను లభిస్తాయి. నిత్య ప్రయాణాలకు పనికిరాదు గాని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి నిరభ్యంతరంగా రోడ్డెక్కవచ్చు.

మరి ఆ 15 ఏళ్లకూ ఈ 50 ఏళ్లకూ నడుమ ఉన్న 35 సంవత్సరాలు ఆ కారు ఎక్కడ ఉండాలి? పాండవులకు 12 ఏళ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం విధించారు. గడువు తీరాక వారు వెలికి రావచ్చుననే ఏర్పాటైనా ఉంది. ఢిల్లీ కారుకు 35 ఏళ్ల అజ్ఞాతవాసం విధించిన చట్టం, ఆ వాసం ఎక్కడ చేయాలో చెప్పలేదు. నేడు చంపివేసిన కారు రేపు పురాతన వాహనం ఎలా కాగలదు? పాత కార్లను సొంత చేతులతో బాగుచేసుకుంటూ కాపాడుకుంటున్న కొందరు రాజధాని వాసులు వేస్తున్న ప్రశ్న ఇది. దీనిని డబ్బున్నవారి సరదాగా కొట్టివేయడం సులభం. అయితే ఈ ప్రశ్న వెనుక పౌరుడికీ అతడి సొత్తుకూ, రాజ్యానికీ దాని అసమర్థతకూ సంబంధించిన విషయాలు చాలా ఉన్నాయి.

ఆదేశాల పరంపర

ముందు చరిత్ర చెప్పుకోవాలి. ఢిల్లీ వాహన కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టును ఆశ్రయించినది 1985లో. ఆ వ్యాజ్యం ఫలితంగానే రాజధాని బస్సులు సహజవాయువుకు మారాయి. తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ రంగంలోకి వచ్చింది. 15 ఏళ్లు దాటిన వాహనాలు నడవరాదని 2014 నవంబరులోను, 10 ఏళ్లు దాటిన డీజిలు వాహనాలు నడవరాదని 2015 ఏప్రిల్‌లోను ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచింది.

2025 జూలై 1న ఈ వ్యవహారం పతాకస్థాయికి చేరింది. గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశంపై పెట్రోలు బంకులలో కెమెరాలు పెట్టి, వయస్సు మీరిన వాహనాలను నంబరు పలక చూసి గుర్తించి, వాటికి ఇంధనం పోయరాదన్నారు. కమిషన్ లెక్క ప్రకారం ఢిల్లీలో అటువంటి వాహనాలు సుమారు 62 లక్షలు. వాటిలో అత్యధికం స్కూటర్లు, మోటారు సైకిళ్లే. ప్రజలలో అలజడి రేగింది. కొద్ది రోజులకే అమలు వాయిదా పడింది. ఢిల్లీ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లి, వాహనాన్ని వయస్సును బట్టి కాక అది వదిలే పొగను బట్టి నిర్ణయించాలని వాదించింది. ఆగస్టు 12న కోర్టు బలవంతపు చర్యలను నిలిపివేసింది. డిసెంబరు 17న ఆ ఉత్తర్వును సవరిస్తూ, 'భారత్ స్టేజ్-4', ఆపై ప్రమాణాల వాహనాలకు మాత్రమే ఆ రక్షణ ఉంటుందన్నది.

భారత్ స్టేజ్-4 ప్రమాణం ఢిల్లీకి వచ్చినది 2010 ఏప్రిల్‌లో. అంటే, అంతకుముందు కొన్న కారు మళ్లీ అజ్ఞాతవాసంలోకే వెళ్లింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, తొలినాటి మారుతి, ఇలా మన తరం ఎరిగిన కార్లలో 50 ఏళ్ల రేఖను దాటని ప్రతి ఒక్కటీ ఈ కోవలోనిదే.

కొరత నేర్పిన విద్య

భారతీయుడు తన కారును తానే బాగుచేసుకోవడం సరదా కోసం నేర్చుకోలేదు. అది గత్యంతరం లేక అబ్బిన విద్య. స్వాతంత్ర్యానంతరం, ఇక్కడ విడిభాగాలు తయారుచేయక కేవలం బిగించి అమ్మే విదేశీ కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వం నిర్ణయించగా, జనరల్ మోటార్స్ 1954లో బొంబాయి కర్మాగారాన్ని మూసివేసి వెళ్లిపోయింది. మిగిలినవి ముఖ్యంగా మూడు: కలకత్తా సమీపాన ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ నమూనాయే 1957లో మన అంబాసిడర్ అయింది. అక్కడ రెండు మూడేళ్లకే ఆగిపోయిన ఆ నమూనా ఇక్కడ 2014 దాకా తయారయింది. కారు కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి కాచుకునే రోజులవి. కారు ధర ఎంత ఉండాలన్న తగాదా 1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే ఆనాటి పరిస్థితి ఊహించుకోవచ్చు.

అంత తపస్సు చేసి సాధించిన కారును ఎవరు వదులుకుంటారు? అందువల్ల దానిని బతికించుకునే విద్య దేశమంతటా వ్యాపించింది. ప్లగ్గులు విప్పి మసి గీకడం, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందును సరిచూడడం, కార్బురేటరు జెట్టును ఊది శుభ్రపరచడం, టాపెట్లు బిగించడం మధ్యతరగతి గృహస్థుకు ఆదివారపు పనులు. ఆ యంత్రాలు కూడా అందుకు అనువుగానే ఉండేవి. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చేయి పెట్టే చోటుంటుంది. ఎక్కడ ఏమి చెడిందో కంటికి కనబడుతుంది.

ఈ నెలరోజులలో నేను కలుసుకున్నవారిలో పలువురు ఆ పాఠశాల విద్యార్థులే. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గుంటూరు జిల్లా పెద్దమనిషి ఒకరు యమున ఆవలి ఒడ్డున ఉంటారు. ప్రభుత్వం ఇచ్చే మోటారు కారు అడ్వాన్సుతో 1996లో కొన్న మారుతి ఆయన వద్ద ఇంకా ఉంది. ప్రతి ఆదివారం దానిని స్టార్టు చేసి, పది నిమిషాలు ఇంజను తిరగనిచ్చి, ఆపివేసి, గుడ్డ కప్పుతారు. "ఏమండీ, ఆ రోజుల్లో నెల నెలా జీతంలో కోయించుకుని బాకీ తీర్చాను. ఒక్కనాడు సర్వీసు తప్పించలేదు. ఇప్పుడు ఈ తుక్కు నాకిచ్చి సర్టిఫికెట్ తీసుకోమంటున్నారు. నాకు సర్టిఫికెట్ ఎందుకండీ?" అన్నారాయన. 2046 వరకు కాచుకుంటే ఆయన మారుతికి పురాతన వాహన హోదా వస్తుంది!

ఒక కళాశాల అధ్యాపకురాలు తండ్రి నుంచి సంక్రమించిన 1982 నాటి పద్మినిని వర్క్‌షాపు పుస్తకం ముందు పెట్టుకుని తానే బాగుచేసుకుంటున్నారు. బ్రేకు సిలిండరు రబ్బర్లు మార్చడానికి మొదటిసారి రెండు రోజులు పట్టిందట, ఇప్పుడు రెండు గంటలు చాలు. ఢిల్లీలో నడపడానికి వీలు లేనందున కారును జయపురంలోని బంధువుల ఇంట ఉంచారు. సెలవులు రాగానే పనిముట్ల పెట్టెతో రైలెక్కుతారు.

కాశ్మీరీ గేటు నుంచి మాయాపురి దాకా

వీరందరినీ నిలబెడుతున్నది పాత ఢిల్లీ బజారు. కాశ్మీరీ గేటు సందులలోను, కరోల్ బాగ్‌లోను దొరకని విడిభాగం లేదంటారు. కంపెనీ ఏనాడో తయారీ మానివేసిన భాగమైనా సరే, ఎవరో ఒకరి అటకమీద నూనెకాగితంలో చుట్టి ఉంటుంది. లేకపోతే లేత్ మీద కొత్తది చేసి ఇస్తారు. ఇక పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత వాహనాల శ్మశానవాటిక. ఒక కారు కాలేయం మరొక కారుకు అమరేది అక్కడే. ఆ వ్యాపారంలోని ప్రమాదాలకు కూడా మాయాపురి పేరు సాక్ష్యం. 2010లో అక్కడి తుక్కులో చేరిన కోబాల్టు-60 రేడియోధార్మికత సోకి ఒక కార్మికుడు మరణించాడు.

కరోల్ బాగ్‌లో తండ్రి నుంచి విద్య నేర్చిన ఒక మెకానిక్కును అందరూ ఉస్తాద్‌జీ అని పిలుస్తారు. వయస్సు చూసి కారును తుక్కు చేయడంపై అభిప్రాయం అడిగాను. స్పానరు కింద పెట్టకుండానే హిందీలో ఆయన అన్నది ఇది: "పుట్టిన తేదీ అడిగి, నాడి చూడకుండా, చావు రాసిచ్చే వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా బాబూజీ?"

ఈ మనుషుల నైపుణ్యం కాలంతో పాటు మారుతూనే ఉంది. 2000లో దేశమంతటా పెట్రోలులో సీసం కలపడం మానివేశారు. అది ఆరోగ్యానికి మహోపకారం. అయితే పాత ఇంజన్ల ఎగ్జాస్టు వాల్వులు కూర్చునే సీట్లకు ఆ సీసమే కవచంగా ఉండేది. దానితో మెకానిక్కులు గట్టి లోహపు సీట్లు అమర్చడం నేర్చారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు పాత రకపు రబ్బరు గొట్టాలను, గాస్కెట్లను తినివేస్తుంది. అందువల్ల వాటిని మార్చి, తట్టుకునే రకం వేస్తున్నారు. ఈ మార్పుకు కారు యజమానిని సంప్రదించినవారు లేరు, ఖర్చు భరిస్తామన్నవారూ లేరు.

తాళం ఎవరి చేతిలో?

ఈ సందర్భంలో 2014 సంవత్సరాన్ని ప్రత్యేకంగా గుర్తుచేసుకోవాలి. ఆ జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. మే నెలలో అంబాసిడర్ కర్మాగారం మూతపడింది. నవంబరులో హరిత ట్రిబ్యునల్ ఆదేశం వచ్చింది. ఈ మూడింటి నడుమ, ఆగస్టులో, కాంపిటీషన్ కమిషన్ మరొక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలు విడిభాగాలను, లోపాన్ని కనిపెట్టే పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందకుండా చేసి, వినియోగదారులను తమ సొంత డీలర్లకే కట్టివేస్తున్నాయని నిర్ధారించింది. వాటిపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' పేరిట ఒక సంఘాన్ని వేసింది. మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది.

ఒకవైపు నీ వస్తువును నీకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు నీదేనని ఒక కార్యాలయం అంటుంది. బాగుచేసుకున్నా ప్రయోజనం లేదు, దాని ఆయుష్షు తీరిందని మరొక కార్యాలయం అంటుంది. రెండూ ఇదే నగరంలో ఉన్నాయి. మరమ్మతు చేసిన కారుకు నడిచే హక్కు లేనప్పుడు మరమ్మతు హక్కు కాగితం మీదిదే అవుతుంది. కొత్త కార్లలో కంప్యూటరు పెత్తనం పెరిగినకొద్దీ యజమానికి బానెట్ తెరిచే అధికారం తగ్గిపోతోంది. పాత కారు పోతే పోయేది ఇనుము మాత్రమే కాదు, యంత్రాన్ని అర్థం చేసుకుని దానిపై అధికారం నిలుపుకున్న పౌరుడు కూడా తెరమరుగవుతాడు.

పొగ సంగతి

ఇంతమాత్రం చేత రెండవ పక్షాన న్యాయం లేదనలేము. శీతకాలపు ఢిల్లీలో ఒక రాత్రి గడిపిన వారెవరూ ఆ మాట అనరు. మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయినది 1995లో. అంతకు ముందరి కారు ఎంత చక్కగా ఉంచుకున్నా, కిలోమీటరుకు అది వదిలే విషవాయువులు నేటి కారు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉబ్బసంతో బాధపడే బిడ్డ తల్లికి పద్మిని అందచందాల గురించి చెప్పి ఒప్పించలేము. లక్షల వాహనాలను పట్టి పట్టి పరీక్షించడం సాధ్యమా అని కోర్టులు ఆలోచించడంలోనూ అర్థముంది.

అయితే అసలు గుట్టు ఇక్కడే ఉంది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక, పరిమితికి మించి పొగ వదిలిన లక్షకు పైగా వాహనాలకు కూడా కాలుష్య నియంత్రణ పత్రాలు ఇచ్చివేశారని బయటపెట్టింది. పరీక్షా కేంద్రాలను అదుపులో ఉంచలేని ప్రభుత్వానికి వయస్సు సులభమైన కొలబద్ద అయింది. పొగను కొలవాలంటే నిజాయితీ గల మనిషి, సరైన యంత్రం కావాలి. వయస్సు కొలవడానికి పంచాంగం చాలు. ఫలితంగా, నెలకు నూరు కిలోమీటర్లు తిరిగే శుభ్రమైన పాత కారు దోషి అవుతుంది. రోజుకు నూరు కిలోమీటర్లు తిరిగి నల్లని పొగ కక్కే ఎనిమిదేళ్ల డీజిలు బండి నిర్దోషిగా సాగిపోతుంది.

పైగా, ఢిల్లీలో వయస్సు మీరిన వాహనాలు అనేకం నిరభ్యంతర పత్రాలు పుచ్చుకుని ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. రాజధాని ఊపిరితిత్తులకు విషమైనది ఊరు దాటగానే అమృతమవుతుందా? ఇది పొగను తగ్గించడం కాదు, పొగకు బదిలీ ఉత్తర్వు ఇవ్వడం. మన ప్రాంతాల పాఠకులు గమనించవలసిన అంశమిది.

ఇరుగుపొరుగుల అనుభవం

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పాయి? జర్మనీలో 30 ఏళ్లు నిండి, మూలరూపంలో, మంచి స్థితిలో ఉన్నట్లు తనిఖీలో తేలిన కారుకు 1997 నుంచి చారిత్రక వాహనపు పలక ఇస్తున్నారు. కాలుష్య నియంత్రణ మండలాలలోకి కూడా అది వెళ్లవచ్చు. లండన్ నగరం పాత కార్లపై రోజువారీ రుసుము విధించింది గాని 40 ఏళ్లు దాటిన చారిత్రక వాహనాలను మినహాయించింది. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య కూడా 30 ఏళ్లనే గీటుగా తీసుకుంటుంది. మన 50 మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో బోధపడదు.

మన ఉపఖండంలో కథ వేరు. శ్రీలంక విదేశీ మారకం కొరతతో 2020 మార్చిలో వాహనాల దిగుమతిని ఆపివేసి 2025లో గాని తిరిగి తెరవలేదు. ఆ ఐదేళ్లూ దేశాన్ని నడిపినవి పాత కార్లు, వాటిని నడిపించినవారు మెకానిక్కులు. పాకిస్తాన్‌లో 1989 నుంచి 2019 వరకు తయారైన మెహరాన్ కారు, మన రెండవ తరం మారుతి 800 ఒకే సుజుకి నమూనాకు పుట్టిన కవలలు. సరిహద్దుకు ఇరువైపులా ఒకే ఇంజనును, ఒకే రకం స్పానరుతో, ఒకే తిట్లు తిడుతూ విప్పుతున్నారన్నమాట! ఈ ఉపఖండపు సామాన్యులకు మరమ్మతు ఒక ఆర్థిక విధానం. దానిని ఏ ప్రణాళికా సంఘమూ రచించలేదు.

రెండు రకాల పాతదనం

రాజధానిలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ప్రారంభించిన పాత కార్ల ర్యాలీ ప్రసిద్ధమైనది. అందులో పాల్గొంటూ వచ్చిన వాహనాలలో తెలుగువారు గర్వించదగినది ఒకటుంది. నిజాం రైల్వే కోసం ఇంగ్లండులో 1914లో తయారైన జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం అది. ఇప్పుడు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం సొత్తు. నూరేళ్లు దాటిన ఆ శకటం నడుస్తున్నదంటే, మధ్యలోని ప్రతి దశాబ్దంలోను ఎవరో ఒకరు దానిని తుక్కు కానివ్వకుండా అడ్డుపడి ఉండాలి. 1930లో దానికి 16 ఏళ్లు. ఆనాడు ఇప్పటి ఢిల్లీ నిబంధన ఉండి ఉంటే నేడు మనకు చూపించుకోవడానికి ఏమి మిగిలేది?

ర్యాలీలో మహారాజుల రోల్స్ రాయిస్‌లకు జేజేలు పలుకుతాము. గుమాస్తా మారుతిని, టాక్సీవాలా పద్మినిని తుక్కుకు పంపుతాము. ముంబయిలో చిట్టచివరి పద్మిని టాక్సీకి 2023 అక్టోబరులో కాలం చెల్లింది. మన ప్రజాస్వామ్య భారతంలో సామాన్యుడు ఎక్కి తిరిగిన వాహనమేదో మ్యూజియాలకు తెలియాలంటే వాటిని కాపాడేవారికి కనీసం చోటివ్వాలి.

కోరుతున్నది పెద్ద వరమేమీ కాదు. 30 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న కారుకు ఏటా కట్టుదిట్టమైన పరీక్ష పెట్టండి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు గీయండి. కాలుష్యం పెచ్చుమీరిన రోజులలో బయటికి తీయవద్దనండి. అందుకు తగిన రుసుము తీసుకోండి. నేను కలిసినవారిలో దీనికి ఒప్పుకోనివారు ఒక్కరూ లేరు. దానితో పాటు, నిన్న మొన్న కొన్న బండ్లతో సహా, పొగ పరీక్షను నిజమైన పరీక్షగా మార్చాలి. ఇది కష్టమైన పని. పరీక్షా కేంద్రాలపై నిఘా పెట్టాలి, దొంగ పత్రం ఇచ్చినవాడిని శిక్షించాలి. కాని ఢిల్లీ గాలిని బాగుచేయగలిగినది ఆ కష్టమైన పనే. కారు పుట్టిన తేదీ చూసి సంతృప్తి పడినంతకాలం ఇటు బిడ్డ ఊపిరీ బాగుపడదు, అటు పెద్దమనిషి మారుతీ మిగలదు. తుక్కు దుకాణం మాత్రమే వర్ధిల్లుతుంది.